గుడ్డెలుగు పని

మోటారు ఆపేసి
చివరి పది బారలు గడతోనే తోశాడు పాయం ఎర్రయ్య.
మూడో దీవి. దీనికి పేరు లేదు,
నా పుస్తకంలో అంకె ఒక్కటే.
వేసంగికి చెరువు బాగా దిగింది.
ఒడ్డు చుట్టూ ఎర్రమట్టి చార,
కుండ లోపల ఎండిన గంజి గీతలా.

నా సంచిలో టేపు, సున్నం డబ్బా, రేకు బిళ్లలు,
హన్మకొండలో అచ్చు వేయించుకొచ్చిన కాగితాలు:
చెట్టు, చుట్టుకొలత, నీడ, నేల, విత్తు మోసేది.
ఎర్రయ్య దగ్గర గొడ్డలి లేదు.
దగ్గుంది.

ఒకప్పుడిది గుట్ట తల.
ఎవరో కట్ట పోశారు, నీళ్లొచ్చి
భుజాల దాకా మింగి అక్కడాగాయి.
జింకలు ఈదిపోయి ఉంటాయి, పిట్టలకు సరే.
చెట్లు ఎక్కడివక్కడే.

నీటంచున ఎర్రమద్ది,
వేళ్లు చెరువులో నానబెట్టుకుని.
దాని వెనక నీరుకడిమి, అడుగు తడి చాలనుకుని.
నడి వాలులో ఏగిస, చిరుమాను,
బిల్లుడు నీడన బక్కపలచటి కొడిశ పిల్లలు.
నెత్తిన, మట్టి ఊసే లేని బండ చీలికలో
కొండగోగు,
ఆకు లేని కొమ్మకు కాయ పగిలి దూది ఎగురుతూ.

"మద్ది పైకెందుకు పోలేదే?" అన్నాను.
"కాళ్లు తడవకుంటే దానికి పడది.
టేకుకు తడిస్తే పడది.
గోగుకు కడుపు నిండితే పడది.
ఒక్క ఇంట్లనే ఉంటరు,
ఒక్క పొయ్యి మీద వండుకోరు."
నా చదువులో దీనికి పెద్ద మాట ఉంది,
ఆ మాటకు గది కావాలి, నల్లబల్ల కావాలి.
నేల గడిలో చిన్నగా రాశాను: పొయ్యి.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఇరవై ఆరు రకాలు.
అవతలి ఒడ్డున ఇంతే కొలత గళ్లలో నలభై ఒకటి.
"బండారు ఉండె, నా పోరతనంల," అన్నాడు,
"నాగండ్లకు పోయింది."
జిట్రేగి సంగతి అడగలేదు నేను.
ఆయనే ఒక మొద్దు మీద కూర్చుని
దాన్ని చేత్తో తడిమాడు.

తునికి ఒక్కటే ఉంది.
అవతల ఈపాటికి ఎర్రయ్య భార్యా కోడలూ
ఇదే ఆకును యాభై యాభైగా కట్టలు కట్టి
కల్లంలో వరుసలు పేరుస్తుంటారు.
ఇక్కడ కోసే చెయ్యి లేదు,
అందుకే ఒళ్లంతా ఆకు, కొంచెం పొగరు.
ఆడచెట్టు. మగది నీళ్లకవతల.
కందిరీగో తేనెటీగో మరి,
పుప్పొడి చెరువు దాటింది.
గింజ దాటలేదు.

కింద, కొమ్మల నీడ గీసినంత మేర
ఈ ఏటి పండ్లు, నిరుటి గింజలు, అంతకు ముందటి బూజు.
మొలకలు గుంపుగా లేచి
ఒకదాని వెలుతురు ఒకటి తింటున్నాయి.
ఏదీ మోకాలు దాటలేదు.
"గుడ్డెలుగు లేదు గద," అన్నాడు ఎర్రయ్య,
కోడలు అలిగి పుట్టింటికి పోయిందన్నంత మామూలుగా.

అవతల అది తింటుంది, నడుస్తుంది,
రెండు వాగులవతల పేడలో విడిచిపెడుతుంది.
ఒక ఏడు ఇక్కడికీ ఈదుకొచ్చిందట,
ఎర్రయ్య నాయిన చూశాడట.
తిరిగి పోయిందా అంటే
ఆ ముచ్చట చెప్పకుండానే పోయాడట ఆయన.

పండ్లు నాలుగు తిన్నాను.
తీపి, ఆ వెనకే నాలుకను పట్టుకునే వగరు.
దీవి మీది పుల్లైనా వెంట తేవొద్దని
నా అనుమతి కాగితం మీద స్టాంపు ఉంది.
కాగితం పడవలో ఉంది.
గింజలు కడగలేదు, జేబులో వేసుకున్నాను.
ఎర్రయ్య చెరువు వైపు చూస్తూ
చాలా సేపు దగ్గాడు.

నాలుగో దీవి. ఇదింకా చిన్నది, ఎక్కుడు ఎక్కువ.
వాలు మధ్యలో ఏగిసలు పలచబడ్డ చోట
చెయ్యి జేబులోకి వెళ్లింది, వచ్చింది.
పడవెక్కాక చూసుకుంటే
పదకొండు గింజల్లో మూడున్నాయి.

విత్తు మోసేది: ఆ గడి ఖాళీగా వదిలేశాను.
ఎర్రయ్య తాడు విప్పుతూ
నా బురద కాళ్లను, వంగిన నడుమును,
వీపు మీది నల్ల సంచిని చూసి
నవ్వకుండానే అన్నాడు:
"నడక సుత గట్లనే ఉంది."